డాక్టర్ మీద కేసు పడితే డబ్బు ఎవరు కడతారు? ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ గురించి (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈరోజు టాపిక్ ముఖ్యంగా ఇప్పుడే పీజీ అయిపోయి ప్రాక్టీస్ మొదలుపెడుతున్న డాక్టర్ల కోసం. కానీ మీరు డాక్టర్ కాకపోయినా చూడండి. రేపు మన ఇంట్లో ఎవరికైనా ట్రీట్‌మెంట్‌లో తప్పు జరిగితే, కోర్టు వేసిన నష్టపరిహారం ఎక్కడ్నుంచి వస్తుందో కూడా ఇందులోనే ఉంది.

ముందు ఒక కేసు చెప్తా, మన హైదరాబాద్‌దే. 1990లో 20 ఏళ్ల ఇంజనీరింగ్ స్టూడెంట్ నిమ్స్‌కి వెళ్లాడు. ఛాతీలో గడ్డ ఉందన్నారు. బయాప్సీ కోసం ఆపరేషన్ అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. తీరా లోపల గడ్డ మొత్తం తీసేశారు, ఆ టైమ్‌లో న్యూరోసర్జన్ అక్కడ లేరు. ఆపరేషన్ తర్వాత ఆ అబ్బాయికి కాళ్లు పడిపోయాయి. కేసు నేషనల్ కన్స్యూమర్ కమిషన్ దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వీల్‌చైర్‌లో వచ్చి తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో కోర్టు కోటి రూపాయలు, దానిమీద వడ్డీ ఇమ్మంది. ఆపరేషన్‌కీ చివరి తీర్పుకీ మధ్య 19 ఏళ్లు! ఈ గ్యాప్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకోటి కోల్‌కతా కేసు. 2013లో సుప్రీంకోర్టు 5 కోట్ల 96 లక్షలు వేసింది, వడ్డీతో కలిపితే 11 కోట్లు దాటింది. ఎక్కువ భాగం హాస్పిటలే కట్టాలి. కానీ ఇద్దరు డాక్టర్లు చెరో 10 లక్షలు, ఇంకొకరు 5 లక్షలు కట్టాలని విడిగా చెప్పింది. అంటే "నేను హాస్పిటల్‌లో చేస్తున్నా, అంతా వాళ్లే చూసుకుంటారు" అనే మాట నడవదన్నమాట.

అసలు డాక్టర్ల మీద కన్స్యూమర్ కేసు వేయొచ్చా? వేయొచ్చు. ఐఎంఏ వర్సెస్ వి.పి. శాంత కేసులో 1995లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫీజు తీసుకుని చేసే వైద్యం కూడా సర్వీసే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే హాస్పిటల్స్ మాత్రం ఇందులోకి రావు.

సరే, ఇన్సూరెన్స్‌కి వద్దాం. డాక్టర్ తీసుకునే ఈ పాలసీ పేరు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ. కోర్టు వేసే నష్టపరిహారం, లాయర్ ఖర్చులు, పాలసీ లిమిట్ వరకు కంపెనీ కడుతుంది. లిమిట్ దాటితే మిగతాది మీ జేబులోంచే. చాలా పాలసీల్లో లాయర్ ఖర్చు కూడా ఆ లిమిట్‌లోంచే పోతుంది. ఏళ్ల తరబడి కేసు నడిస్తే పరిహారానికి మిగిలేది తగ్గిపోతుంది కదా! అందుకే సైన్ చేసే ముందు ఈ ముక్క అడగండి.

ప్రీమియం ఎంతన్నది మీరేం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఓపీలో మందులు రాసే ఫిజీషియన్‌కి తక్కువ. సర్జన్‌కి ఎక్కువ. ఎనస్థీషియా, ప్లాస్టిక్ సర్జరీ, కాన్పులు చేసే గైనకాలజిస్ట్‌కి ఇంకా ఎక్కువ. ఎంత లిమిట్ పెట్టుకున్నారు, పాత క్లెయిములు ఏమైనా ఉన్నాయా, మీ దగ్గర క్వాలిఫికేషన్ లేని స్టాఫ్ ఉన్నారా, ఇవన్నీ చూస్తారు. అమెరికాతో పోలిస్తే మన దగ్గర ఇది చాలా చౌక. అక్కడున్న మన తెలుగు గైనిక్ డాక్టర్లని అడగండి, మయామీ లాంటి చోట్ల ఏడాదికి 2 లక్షల డాలర్లు దాటిన రేట్లు ఉన్నాయి!

పాలసీ కాగితంలో ఏఓఏ, ఏఓవై అని రెండు లిమిట్లు ఉంటాయి. మొదటిది ఒక్క కేసుకి గరిష్ఠంగా ఎంత, రెండోది ఏడాది మొత్తానికి ఎంత. ఏజెంట్ "సార్, కోటి కవర్" అంటాడు. అది ఏడాది లిమిట్ అయి, రేషియో 1:4 అయితే ఒక్క కేసుకి వచ్చేది 25 లక్షలే. కోటి అనుకుని నిద్రపోతే అంతే.

ఇప్పుడు అసలు పాయింట్. దీన్ని రెండుసార్లు వినండి. మన దేశంలో ఈ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో ఉంటాయి. అంటే ఆపరేషన్ చేసిన రోజు పాలసీ ఉంటే చాలదు, క్లెయిమ్ వచ్చిన రోజు కూడా ఉండాలి. ఉదాహరణకి 2022 జూన్‌లో ఆపరేషన్ చేశారు, 2024 మార్చిలో లీగల్ నోటీసు వచ్చింది. 2024లో పాలసీ నడుస్తూ ఉండాలి. దాంతోపాటు పాలసీలో రెట్రోయాక్టివ్ డేట్ అని ఒక తేదీ ఉంటుంది, అది 2022 జూన్ కంటే ముందుది అయ్యుండాలి. మధ్యలో ఒక్క ఏడాది రెన్యూవల్ మర్చిపోయి కొత్త పాలసీ తీసుకుంటే ఈ తేదీ కూడా కొత్తగా మొదలవుతుంది, పాత పేషెంట్లందరికీ కవర్ పోతుంది. కంపెనీ మారేటప్పుడు కూడా ఇదే సమస్య, పాత తేదీ కొనసాగిస్తున్నట్టు రాయించుకోండి.

కన్స్యూమర్ కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. కానీ సరైన కారణం చూపిస్తే కమిషన్ ఆలస్యాన్ని ఒప్పుకోవచ్చు. అందుకే ప్రాక్టీస్ ఆపేసినా, రిటైరైనా, విదేశానికి వెళ్లిపోయినా వెంటనే పాలసీ ఆపకూడదు. నాకు తెలిసి యంగ్ డాక్టర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రీమియం రేట్లు పది చోట్ల కంపేర్ చేస్తారు, ఈ తేదీ ఒక్కటి చూడరు.

ఏవి కవర్ కావు? తాగి ట్రీట్‌మెంట్ చేస్తే రాదు. మీ క్వాలిఫికేషన్‌లో లేని పని చేస్తే రాదు. బరువు తగ్గించే మందులు, కాస్మెటిక్ ప్రొసీజర్లు చాలా పాలసీల్లో బయటే. క్రిమినల్ కేసులో పడే జరిమానా, శిక్ష ఏ ఇన్సూరెన్సూ భరించదు. నిర్లక్ష్యం వల్ల పేషెంట్ చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద రిజిస్టర్డ్ డాక్టర్‌కి 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. అయితే ప్రతి తప్పూ క్రిమినల్ కాదు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కార్పొరేట్ హాస్పిటల్‌లో చేరేవాళ్లు హెచ్ఆర్‌ని ఒక ప్రశ్న అడగండి: "హాస్పిటల్ పాలసీలో డాక్టర్‌గా నా పేరు ఉందా, లేక హాస్పిటల్‌కి మాత్రమేనా?" సమాధానం మెయిల్‌లో తీసుకోండి. విజిటింగ్ కన్సల్టెంట్‌లైతే సొంత పాలసీ ఉండాల్సిందే. సొంత నర్సింగ్ హోమ్ ఉన్నవాళ్లకి ఇంకో పాలసీ కావాలి, ఎందుకంటే నర్సు చేసిన తప్పుకీ హాస్పిటల్ బాధ్యతే.

నోటీసు వస్తే ఏం చేయాలి? అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్లని అడక్కుండా "తప్పు మాదే, ఇంత ఇస్తాం" అని సెటిల్‌మెంట్ మాట్లాడితే క్లెయిమ్ పోయే ప్రమాదం ఉంది. కేస్ షీట్ మాత్రం దిద్దకండి బాబూ! కొట్టివేతలు, తర్వాత రాసిన లైన్లు కోర్టులో ఇట్టే దొరికిపోతాయి.

పేషెంట్ వైపు వాళ్లకి కూడా ఒక మాట. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూల్ ఉంది. ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాచాలి. ఏదో తేడా జరిగిందనిపిస్తే గొడవకి దిగకుండా ముందు రాతపూర్వకంగా ఆ కాగితాలు అడగండి, కేసు నిలబడేది వాటిమీదే.

ఈరోజుకి ఇంతే. మీ పాలసీ కాగితం ఉంటే ఇప్పుడే తీసి రెట్రోయాక్టివ్ డేట్ ఏముందో చూసుకోండి. ఉంటాను మరి.