వైరస్ చీటీలో అనువాదం కాని అక్షరాలు



2020లో కరోనా వచ్చి బడులు మూసేస్తే అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. మా ఊళ్లో దారికి అడ్డంగా చెట్టు కొమ్మలు నరికి పడేశారు. బయటివాళ్లను రానివ్వలేదు. మా ఊరివాళ్లను మాత్రం గుర్తుపట్టి వదిలేవారు. మన ఒంట్లో దూరాక కరోనా వైరస్ కూడా ఇలాంటి పనే చేస్తుందట! ఎలాగో రాస్తాను.

మన ఒళ్లంతా కణాలే. కణంలో ప్రోటీన్లు తయారుచేసేవి రైబోజోములు. ఏ ప్రోటీన్ చెయ్యాలో ఆర్‌ఎన్‌ఏ అనే చీటీలో ఉంటుంది. చీటీ చదివి ప్రోటీన్ చెయ్యడాన్ని అనువాదం అంటారు. మనం కోయలో అనుకున్నది తెలుగులో చెప్పినట్టు అన్నమాట.

కరోనా వైరస్‌కు కూడా ఆర్‌ఎన్‌ఏ చీటీయే ఉంది. అందులో దాదాపు 30,000 అక్షరాలు. మొదట్లో 265 అక్షరాలు, చివర్లో 200కు పైగా అక్షరాలు ప్రోటీన్‌గా మారవు. వీటిని అనువాదం కాని భాగాలు అంటారు. మరి అవి దండగా? కాదు.

మొదటి భాగం మడతలు పడి ఉంటుంది. మొట్టమొదటి మడత మనం తలకు పెట్టుకునే పిన్నులాగ ఉంటుంది. వైరస్ కణంలోకి వచ్చాక ఎన్‌ఎస్‌పీ1 అనే ప్రోటీన్ చేయించుకుంటుంది. అది రైబోజోములో చీటీ దూరే దారికి అడ్డం పడుతుంది. మన చీటీలు చాలావరకు ఆగిపోతాయి. వైరస్‌తో పోరాడే ప్రోటీన్లు కూడా సరిగా తయారు కావు. వైరస్ చీటీలకు మాత్రం ఆ పిన్ను గుర్తు ఉంటుంది కాబట్టి దారి దొరుకుతుంది. వైరస్ తర్వాత చేసుకునే చిన్న చీటీలన్నిటికీ మొదట్లో ఆ పిన్ను ఉన్న ముక్కే అతికి ఉంటుంది.

చివరి భాగానికీ పని ఉంది. వైరస్ తన చీటీకి నకలు తీసేది ఆ చివర నుంచే.

శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో ఆ పిన్నును మూసేసి చూశారు. అప్పుడు వైరస్ చీటీలు కూడా ఆగిపోయాయి. తను వేసిన అడ్డం తనకే తగిలింది! అందుకే ఆ పిన్ను మీద పనిచేసే మందు కోసం వెతుకుతున్నారు.

కాబట్టి స్నేహితులారా, అనువాదం కాలేదని దేన్నీ పనికిరానిది అనుకోవద్దు. మా అవ్వకు ఒక్క అక్షరం రాదు. కానీ ఆ రోజు దారికి అడ్డం వెయ్యమని ముందుగా చెప్పింది మా అవ్వే.

— 9వ తరగతి విద్యార్థిని