పిల్లి లిట్టర్: దుమ్ము లెక్క

ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్లలో పిల్లిని పెంచే మనవాళ్ళు లిట్టర్ కొనేముందు చిన్న లెక్క వేసుకోవాలి. సంచీ మీద "99 శాతం దుమ్ము లేనిది" అని ఉందనుకోండి. బరువు ప్రకారం చూస్తే 40 పౌన్ల సంచీలో మిగిలిన ఆ 1 శాతమే దాదాపు 180 గ్రాములు!

ఎక్కువమంది వాడే గడ్డకట్టే రకం సోడియం బెంటొనైట్ అనే బంకమట్టి. తడి తగిలితే ఉబ్బి ఉండ కడుతుంది కాబట్టి శుభ్రం చెయ్యడం తేలిక. కానీ గుళికలు ఒకదానికొకటి ఒరుసుకుని పొడి రాలుతుంది. అందులో స్ఫటికరూప సిలికా కూడా కొంత ఉంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఇది ఆలోచించాల్సిన విషయమే. అన్నట్టు, పిల్లులకీ ఉబ్బసం వస్తుంది.

సిలికా జెల్ పేరు చూసి కంగారు పడకండి, అది స్ఫటికరూపం కాదు. చెక్క గుళికల్లో దుమ్ము తక్కువే గానీ, తడిస్తే రంపపుపొట్టు అవుతాయి.

ముందు చిన్న సంచీ కొనండి. నల్లగుడ్డ మీద అడుగు ఎత్తునుంచి ఒక కప్పు పోసి, పక్కనుంచి టార్చి వేసి చూడండి. గాలిలో లేచేదే అసలు లెక్క. నచ్చితే పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి. ఒక్కసారిగా మారిస్తే పిల్లి ఆ పెట్టె వంక చూడకపోవచ్చు.