ఉద్గారాల లెక్క కరెంటు పద్దుల్లో

వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను కేంద్రం 2008లో ప్రకటించింది. మరుసటి ఏడాది రాష్ట్రాలనూ ఎవరి ప్రణాళిక వారు రాసుకోమంది. రాశాయి. తుపాన్లు, కరువు, అడవులు, పంటలు అన్నీ వాటిలో ఉంటాయి. ఏ శాఖ ఎప్పటిలోగా ఏ డబ్బుతో చేయాలన్న దగ్గరే మాట నలుగుతుంది. మన దేశపు ఉద్గారాల్లో పెద్ద వాటా బొగ్గు కరెంటుది. కాబట్టి రాష్ట్రం అసలు ఉద్దేశం తెలియాలంటే ఆ ప్రణాళిక పక్కనపెట్టి విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) కొనుగోలు ఒప్పందాలు తిరగేయాలి. డిస్కంలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వానివే. అవి కొనే కరెంటులో పునరుత్పాదక వాటా ఎంతుండాలో నిర్దేశించే అధికారాన్ని 2003 విద్యుత్ చట్టం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఇచ్చింది.

ఆంధ్రప్రదేశ్ అనుభవమే చూడండి. కర్నూలులో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు పెట్టిన రాష్ట్రం, 2019లో పవన, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ వాటిని తిరగదోడింది. వివాదం హైకోర్టుకెక్కింది. తేలేదాకా పవన విద్యుత్తుకు యూనిట్‌కు 2.43 రూపాయలు, సౌర విద్యుత్తుకు 2.44 చెల్లించమని కోర్టు చెప్పింది. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఆ ఏర్పాటును కొట్టేసి, ఒప్పంద ధరే ఇవ్వాలంది. ప్రభుత్వ వాదనలో పస లేకపోలేదు: సౌర పలకలు చవకబడ్డాక పాత ధరల బరువు వినియోగదారుడిపైనే పడుతుంది. కానీ సంతకానికి విలువ లేదనిపిస్తే రేపు అప్పిచ్చే బ్యాంకు వడ్డీ పెంచుతుంది, ఆ వడ్డీ కూడా కొత్త కరెంటు ధరలో కలిసి మన బిల్లులోకే వస్తుంది. ధర తగ్గించుకోవాల్సింది కొత్త టెండర్లలో.

తలసరి ఉద్గారాలు ఇంత తక్కువున్న మనకెందుకీ ఉద్గారాల తగ్గింపు బరువు అంటారు కొందరు. సంపన్న దేశాలను నిలదీయడానికి అది న్యాయమైన వాదనే. ఇంట్లో ఖర్చు తగ్గించే పని మానుకోవడానికి మాత్రం అది సాకు కాదు. ఉదాహరణకు, వ్యవసాయ ఫీడర్‌కు రాత్రి కరెంటు ఇస్తే రైతు ఆటో స్టార్టర్ బిగించి పడుకుంటాడు. మడి నిండినా మోటారు ఆగదు, నీరూ కరెంటూ వృథా. అదే కరెంటు ఎండవేళ ఇస్తే సౌర విద్యుత్తు నేరుగా బోరుకు అందుతుంది, రాత్రి పొలానికెళ్లే రైతుకు పాముల భయమూ తప్పుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానమూ ఇలాంటిదే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు ఎండను వెనక్కి కొట్టే పైకప్పు తప్పనిసరి అంది. శ్లాబు వేడెక్కకపోతే ఏసీ తక్కువ తిరుగుతుంది. అయితే చిన్న ఇళ్లకు ఇది ఐచ్ఛికమే. రేకుల కింద ఉడికిపోయేవారికే ఇది ముందు అందాల్సింది.

సూర్యుడు దిగాక బొగ్గే దిక్కు కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. ఇవాళ్టికి చాలావరకు నిజం కూడా. అందుకే పగటి కరెంటుతో నీటిని ఎగువ జలాశయానికి ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి విద్యుత్తు తీసే పంప్డ్ స్టోరేజీకి, బ్యాటరీలకు డిస్కం ఎంత కేటాయించిందో అడగాలి. అడిగే చోటూ ఉంది. ఏటా చార్జీలు ఖరారు చేసేముందు నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ అభ్యంతరం చెప్పడానికి నిపుణులే కానక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టే ఎవరైనా చెప్పవచ్చు. ఈసారి ప్రకటన వెలువడినప్పుడు చార్జీల పట్టికతో ఆగకుండా కొనుగోళ్ల పేజీ కూడా చదవండి.