ఊహాపోహములు - విద్యార్థి శిక్షణము

నేఁటి వ్యవహారమున 'ఊహాపోహలు' అనఁగా నాధారములేని వదంతులు. ప్రాచీనులు మాత్రము ధీగుణముల నెనిమిదిగాఁ బరిగణించుచు, శుశ్రూష, శ్రవణము, గ్రహణము, ధారణము అను వాని పిమ్మట ఊహము, అపోహములఁ జేర్చి, అర్థవిజ్ఞానమును దత్త్వజ్ఞానమును వాని వెనుక నుంచిరి. ఉన్నదానినిబట్టి లేనిదానిని బుద్ధిచేఁ గల్పించుట యూహము. కల్పించినదానిలో నిలువనిదానిఁ ద్రోసివేయుట యపోహము. ఈ క్రమమే యొక యుపదేశము. ధారణముతో నాఁగినవానికి అర్థవిజ్ఞానము లేదు. మన పాఠశాలలు చాలవఱకు ధారణముతోనే యాఁగుచున్నవి.

ఈ గుణముల నభ్యసింపఁజేయుటకు వ్యాకరణమే మంచి సాధనము. పతంజలి శాస్త్రప్రయోజనములయందు ఊహమును గూడఁ జెప్పెను. యజ్ఞమున దేవత మాఱినపుడు మంత్రమునందలి లింగవిభక్తులను దగినట్లు మార్పవలసియుండును. ఆ పని కంఠపాఠము చేసినవానికిఁ గాక తెలిసినవానికే సాధ్యము. మఱియు మునిత్రయములోఁ దరువాతివాఁడే ప్రమాణతరుఁడని వైయాకరణులు నిర్ణయించిరి. సూత్రముల లోపముల వార్తికకారుఁడు పూరించెను. వార్తికముల భాష్యకారుఁడు పరీక్షించి కొన్నిటిఁ గాదనెను. దీనిని గురుద్రోహమని యెవ్వరు ననలేదు. తెలుఁగునందును చిన్నయసూరి బాలవ్యాకరణము విడిచినదానిని బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమునఁ బూరించెను.

ఈ పద్ధతిని బాలురకు నేర్పుటకుఁ బెద్దగ్రంథము లక్కఱలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె అను మూఁడు పురములే చాలును.

బాపట్ల 'భావపురి' వికృతి యని ప్రసిద్ధి. భావనారాయణస్వామి యాలయ మచ్చట నుండుటచే నీ మాట సులభముగా నమ్మఁబడును. ఇచట విద్యార్థి యడుగవలసిన ప్రశ్నలు రెండు. భాష బాసయైనట్లు భకారము బకారమగుట సరియే; 'పురి' 'పట్ల' యగుటకు దృష్టాంత మేది? చీరాల, మాచర్ల, దుగ్గిరాల యని లాంతములైన పేళ్లు పెక్కు గలవు గదా, ఆ కోవలో దీనినిఁ జేర్పరాదా? చోటను నర్థముగల 'పట్టు'నకు బహువచనము 'పట్లు' గావున, దానినుండి 'పట్ల' వచ్చెనని యొక బాలుఁ డూహింపవచ్చును. అదియు నూహయే. ఆలయశాసనములలో నీ యూరి పేరెట్లున్నదో, ఏ రూపము ముందో, ఏది వెనుకనో చూచినపిమ్మటఁ గాని రెండింటిలో దేనిని నంగీకరింపరాదు. 'భావపురి' పండితులు తరువాతఁ గల్పించిన సంస్కృతరూప మేమో యను సంశయమును నపుడే తీఱును.

రేపల్లె మాట మఱింత రుచికరము. పోతన భాగవతమున గోకులమునకు 'వ్రేపల్లె' యని పేరు, గోపికలు 'వ్రేతలు'. 'వ్రాయు' 'రాయు' అయినట్లే 'వ్రేపల్లె' 'రేపల్లె' యైనదని యొకఁడనును. వేఱొకఁడు 'వ్రేలు' 'వేలు' అయినది గావున 'వేపల్లె' యేల కాలేదని ప్రత్యుదాహరణము చూపును. మూఁడవవాఁడు కృష్ణానది సమీపమున నున్నదిగదా, ఇది 'రేవుపల్లె' యనును; వానిని 'వు' లోపించుటకు నుదాహరణ మడుగవలెను. ఈ సంవాదమున నోడినవాఁ డెవఁడును లేఁడు. మువ్వురును వర్ణలోపము లెఱింగిరి.

తెనాలిది పదవిచారము కాదు, చరిత్రవిచారము. రామలింగఁడు కృష్ణదేవరాయల (1509-1529) కొలువున హాస్యము లాడెనని కథలు చెప్పును. పాండురంగమాహాత్మ్యము రామకృష్ణకవి పేర విరూరి వేదాద్రిమంత్రి కంకితము. ఉద్భటారాధ్యచరిత్రము రామలింగకవి పేర ఊరదేచమంత్రి కంకితము. ఒకటి వైష్ణవము, ఒకటి శైవము. ఒకటియు రాయలకుఁ గాదు. కవి యొక్కఁడా, యిద్దఱా? గ్రంథముచేఁ దేలున దేది, జనశ్రుతిచేఁ దేలున దేది, రెంటిచేతను దేలని దేది? ఈ మూఁడు వరుసలను వ్రాయించినచో బాలుఁడు కథను విడువకయే ప్రమాణమును గుర్తింపనేర్చును.

బాలురకు సంశయము నేర్పినచో నవిధేయు లగుదురనియు, పరీక్షలకుఁ గాలము చాలదనియు నుపాధ్యాయు లనవచ్చును. మొదటిదానికి భాష్యమే సమాధానము: పూర్వపక్షమును జక్కఁగాఁ జెప్పలేనివాఁడు సిద్ధాంతమును జెప్పలేఁడు. రెండవది నిజమైన చిక్కు. 2020 నాఁటి జాతీయ విద్యావిధానము కంఠస్థముకంటె విమర్శనాలోచనమును, సృజనమును గోరినది. కాని ప్రశ్నపత్రము కంఠస్థమునకే ఫలమిచ్చునంతవఱకు నా కోరిక కాగితముననే యుండును. కావున మార్పు మొదట మార్కులలో రావలెను. వ్యుత్పత్తి తప్పైనను హేతువు చూపినవానికి సగము మార్కులును, ఒప్పైనను హేతువు చూపనివానికి సగమే యును నీయవలెను. పండితుఁడును దనకుఁ దెలియనిచోటఁ దెలియదని తరగతిలోఁ జెప్పవలెను. అది విన్న బాలుఁడు వెదకుటకు బయలుదేఱును.