చేతి వాచీ చూపే అంకెల్లో వేటిని నమ్మాలి?

ఈ మధ్య ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది చేతికి స్మార్ట్‌వాచీ కనిపిస్తోంది. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపినవి కొన్ని, హన్మకొండ చౌరస్తాలో తక్కువ ధరకు కొన్నవి మరికొన్ని. "ఇందులో బి.పి., షుగరు అన్నీ వస్తాయట, ఇక రక్తపరీక్ష అక్కరలేదు గదా?" అని అడుగుతుంటారు.

ముందుగా షుగరు సంగతి. సూది గుచ్చకుండా వాచీయే స్వయంగా షుగరు కొలుస్తుందంటే నమ్మవద్దు. అలాంటి వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. జబ్బకు అంటించే సెన్సరు వేరు. దాని సన్నని తీగ చర్మం లోపలికి వెళ్తుంది, వాచీ ఆ అంకెను చూపిస్తుందంతే.

వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ దీపం నాడిని లెక్కిస్తుంది. కదలకుండా కూర్చుని, పట్టీ బిగువుగా ఉంటే ఇది చాలావరకు సరిగానే ఉంటుంది. అయితే వంకాయకు చుట్టినా నాడి చూపించే వాచీలున్నాయి!

కొన్ని ఖరీదైన వాచీల్లో రెండో చేతి వేలు ఆనిస్తే 30 సెకన్లలో ఇ.సి.జి. వస్తుంది. మా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో గుండె లయ తప్పి, లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. చిన్నతనంలో కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి ఈ భయం ఎక్కువ. ఇది వచ్చిపోతూ ఉంటుంది కనుక ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.లో దొరకకపోవచ్చు, గుండె దడ వచ్చిన క్షణంలో వాచీ మీ చేతికే ఉంటుంది. ఆ రికార్డును తేదీతో సహా డాక్టరుకు చూపించండి.

అలాగని హెచ్చరిక వచ్చిన ప్రతివారికీ జబ్బు ఉన్నట్టు కాదు. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 4 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. నాడి లయ తప్పిందని వాచీ హెచ్చరించాక ఛాతీకి ప్యాచ్ పెట్టించుకున్న 450 మందిలో 34 శాతం మందికే ఈ జబ్బు కనబడింది.

ముఖ్యంగా ఒకటి. ఆసుపత్రి ఇ.సి.జి.లో 12 లీడులుంటాయి, వాచీలో ఒక్కటే. గుండెపోటును అది పట్టలేదు. ఛాతీలో బరువు, చెమటలు, చేతికి పాకే నొప్పి ఉంటే వాచీ "నార్మల్" అన్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి.

బి.పి. చూపే కొన్ని వాచీలను నాలుగు వారాలకోసారి పట్టీ మిషనుతో సరిచూడాలి. ఎలాగూ ఆ మిషను కావాలి గనుక అదే కొనుక్కోవడం మేలు. ఆక్సిజన్‌కు వేలికి పెట్టే ఆక్సీమీటరే నయం, అదీ నల్లని చర్మంపై కొంత ఎక్కువ చూపవచ్చు. నిద్ర మార్కులు, ఒత్తిడి మార్కుల కోసం డబ్బు పెట్టనక్కరలేదు. ఒంటరిగా ఉండే పెద్దవారికైతే, పడిపోతే పిల్లలకు కబురు పంపే సౌకర్యం ఉన్న వాచీ మంచిదే. చాలా రకాలకు ఫోను దగ్గరలోనే ఉండాలి.