ఆగిన మోటారుకు దారి చూపేదెవరు?

విద్యుత్ సైకిల్ హబ్ మోటారు నుంచి బయటికొచ్చే కేబుల్ తొడుగు ఒలిచి చూస్తే సాధారణంగా ఎనిమిది తీగలు కనిపిస్తాయి. మూడు లావువి, ఐదు సన్నవి. బండిని లాగే కరెంటు లావు తీగల్లో పోతుంది. సన్నవాటిలో నడిచేది కేవలం కబురు: చక్రంలోని అయస్కాంతాలు ఈ క్షణాన ఎక్కడున్నాయన్న కబురు. ఈ ఐదూ లేకుండా మూడు లావు తీగలతోనే నడిచే మోటార్లూ ఉన్నాయి, వాటిని నడిపే కంట్రోలర్లూ ఉన్నాయి. పాత సైకిల్‌కు కిట్ బిగించుకోవాలనుకునే వాళ్లు బ్యాటరీ గురించి పదిమందిని అడుగుతారు గానీ, సెన్సర్లున్న కంట్రోలరా, లేనిదా అన్నది దుకాణదారుకే వదిలేస్తారు. బండి మొదటి అడుగు ఎలా వేస్తుందో తేల్చేది మాత్రం ఆ ఎంపికే.

పాతరకం డీసీ మోటారులో ఈ పేచీ లేదు. అందులో అయస్కాంతాలు కదలవు, తీగచుట్టలు తిరుగుతాయి. కార్బన్ బ్రష్షులు కమ్యుటేటర్ రాగి పలకలను రాసుకుంటూ, ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు అందాలో వాటంతటవే మార్చేస్తాయి. రాపిడి, నిప్పురవ్వలు, అరుగుదల దానికి చెల్లించే మూల్యం. 1962లో టీ.జీ. విల్సన్, పీ.హెచ్. ట్రికీ ఆ పనిని అర్ధవాహక స్విచ్చులకు అప్పగించే యంత్రాన్ని వర్ణించారు. అందులో చుట్టలు కదలవు, అయస్కాంతమే తిరుగుతుంది. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరికి వారుగా నియోడిమియం–ఇనుము–బోరాన్ అయస్కాంతాలను సాధించాక, చక్రం నడుమ ఇమిడే మోటారు మనిషిని లాగేంత బలం తెచ్చుకుంది.

బ్రష్షులతోపాటే, వేళకు కరెంటు మార్చే వాటి నేర్పూ పోయింది. ఆ నేర్పు ఎంతటిదో లెక్క వేద్దాం. గేర్లు లేని ఒక మామూలు హబ్ మోటారులో 46 అయస్కాంతాలు, అంటే 23 జతలు ఉంటాయి. ఒక్కో జతకు కరెంటు దారి ఆరుసార్లు మారాలి. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి 138 మార్పులు. రెండున్నర డిగ్రీలు కదిలిందో లేదో మరో మార్పు. 26 అంగుళాల చక్రం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, సెకనుకు 460 దాకా. మార్పు వేళ తప్పితే మోటారు గుర్రుమంటుంది, వణుకుతుంది. కంట్రోలరులో కరెంటు దారి మార్చే మాస్‌ఫెట్లు వేడెక్కి కాలిపోనూవచ్చు.

ఆ వేళ చెప్పే సాధనం పుట్టుక మోటార్లతో సంబంధం లేనిది. 1879లో ఎడ్విన్ హాల్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోలండ్ దగ్గర చదువుకుంటున్నాడు. అయస్కాంతం లాగేది తీగనే గానీ అందులో పారే కరెంటును కాదని భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ తన గ్రంథంలో రాశాడు. అంతటి వాడి మాట ఆ విద్యార్థికి నమ్మబుద్ధి కాలేదు. గాజుపలక మీద పలచని బంగారు రేకు పరిచి, దాన్ని అయస్కాంత ధ్రువాల మధ్య ఉంచి, రేకులో కరెంటు పారించాడు. పారే దిశకు అడ్డంగా, రేకు అంచుల మధ్య చిన్నపాటి వోల్టేజి కనిపించింది. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని తేలడానికి ఇంకా పద్దెనిమిదేళ్లుంది! కరెంటంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో దాన్ని పక్కకు నెట్టి చూపించిన ఆ ధైర్యం నాకెంతో ఇష్టం.

బంగారంలో అతిస్వల్పమైన ఆ ప్రభావం అర్ధవాహకాల్లో ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. నేడు గోరంత చిప్పులో ఇమిడిన హాల్ సెన్సర్లు మూడింటిని కదలని చుట్టలుండే స్టేటర్ గాళ్లలో జిగురుతో అతికిస్తారు. ఎదుట ఉత్తర ధ్రువమా, దక్షిణ ధ్రువమా అన్నదొక్కటే ఒక్కోటీ చెబుతుంది. మూడు జవాబులు కలిస్తే ఎనిమిది కలయికలు. మామూలు 120 డిగ్రీల అమరికలో అందులో ఆరే సాధ్యం. మూడూ ఒకే జవాబిచ్చాయంటే ఎక్కడో తీగ తెగిందని కంట్రోలరు పసిగడుతుంది. ఐదు సన్న తీగల లెక్క ఇదే: మూడు కబుర్లకు, రెండు సెన్సర్లకు కరెంటివ్వడానికి.

మరి సెన్సర్లు లేని కంట్రోలరుకు ఎలా తెలుస్తుంది? అయస్కాంతం చుట్టను దాటిపోతే చుట్టలో వోల్టేజి పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. మూడు లావు తీగల్లో ఏ క్షణమైనా రెండింటిలోనే కరెంటు పారుతుంది; మూడోది ఖాళీ. ఆ ఖాళీ తీగలో పుట్టే వోల్టేజి నడిమి గీతను ఎప్పుడు దాటుతుందో కనిపెడితే, తర్వాతి మార్పు ఎప్పుడో లెక్కగట్టవచ్చు. 1985లో కెనిచి ఇజుకా బృందం మైక్రోకంప్యూటరుతో ఇలా మోటారును నడిపే పద్ధతిని ప్రచురించింది. ఏసీ కంప్రెసరు లోపలి వేడికి, నూనెకు సెన్సర్లు తట్టుకోలేవు కాబట్టి అక్కడ ఈ పద్ధతి వరమైంది. హార్డ్ డిస్కులు, డ్రోన్లు, మన ఇళ్లలోని చాలా బీఎల్‌డీసీ (బ్రష్షుల్లేని) ఫ్యాన్లు ఇలాగే తిరుగుతాయి.

అయితే ఆ వోల్టేజి వేగాన్ని బట్టి పుడుతుంది. చక్రం ఆగి ఉంటే సున్నా. అప్పుడు కంట్రోలరు అయస్కాంతాలను బలవంతంగా ఒకచోటికి లాగి, అక్కడి నుంచి అవి వెంట వస్తున్నాయన్న నమ్మకంతో చుట్టలను వరసగా మార్చుకుంటూ పోతుంది. ఫ్యాను రెక్కకు మొదట్లో బరువేమీ ఉండదు, వెంట వస్తుంది. మనిషి కూర్చున్న సైకిల్ రాదు. గుడగుడమని ఊగి ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. ఆగి ఉన్నప్పుడే సన్నని సంకేతాలు పంపి స్థానం కనిపెట్టే పద్ధతి ఉంది గానీ, అయస్కాంతాలు పైపైన అతికిన హబ్ మోటార్లలో ఆ సంకేతానికి దొరికే తేడా బహు తక్కువ.

కాబట్టి కొనేవాళ్లు వేసుకోవలసిన ప్రశ్న: బండిని మొదట కదిపేది కాలా, మోటారా? రెండు తొక్కులు తొక్కాకే మోటారు అందుకునే సైకిలుకు సెన్సర్లు లేని కంట్రోలరు హాయిగా సరిపోతుంది. గేర్లు లేని హబ్ అయితే, తొక్కుతుండగానే అయస్కాంతాలూ తిరిగి వోల్టేజి ముందే అందుతుంది. గేర్లున్న హబ్‌లో ఫ్రీవీల్ వల్ల తొక్కేటప్పుడు మోటారు ఆగే ఉంటుంది. అయినా కదిలే చక్రాన్ని అది బరువు లేకుండా తిరిగి అందుకుంటుంది, పైగా చక్రం కంటే నాలుగైదు రెట్లు వేగంగా. మన దగ్గర మాత్రం థ్రాటిల్ తిప్పి బయలుదేరడం అలవాటు. సిగ్నల్ దగ్గర, ఎత్తు మీద, వెనక పాల క్యాన్లతో అలా కదలాలంటే సెన్సర్లున్నదే తీసుకోవాలి. ఇందులో నాకు సందేహం లేదు.

సెన్సర్లు చెడతాయన్న భయం నిజమే. నీరు దిగుతుంది, ఎత్తుల మీద వేడి పెరుగుతుంది; ఇరుసును కదలకుండా పట్టే టార్క్ ఆర్మ్ బిగించకపోతే ఇరుసు తిరిగి కేబుల్‌ను మెలిపెడుతుంది. అందుకే రెండు విద్యలూ తెలిసిన కంట్రోలర్లు వచ్చాయి. స్వీడన్ ఇంజనీరు బెంజమిన్ వెడర్ అందరికీ తెరిచిపెట్టిన వెస్క్ కంట్రోలరు హాల్ సెన్సర్లతో కదిలి, వేగం అందుకున్నాక వాటిని వదిలేసి నడవగలదు. డబ్బు కాస్త ఎక్కువైనా ఇలాంటిదానికే నా ఓటు. మోటారు వణికితే వెంటనే కొత్తది కొనకండి. కంట్రోలరుకు కరెంటిచ్చి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, సన్నవాటిలోని నలుపు తీగకూ ఒక్కో సంకేత తీగకూ మధ్య మల్టీమీటరు పెట్టండి. అంకె సున్నాకూ 5 వోల్టుల చేరువకూ మధ్య మారుతూ ఉండాలి. ఒక తీగలో మారకపోతే ముందు కనెక్టరు పిన్ను చూడండి. అది బాగుండీ మారకపోతే చిప్పు పోయినట్టే. మోటారు విప్పక తప్పదు కాబట్టి, మూడు చిప్పులూ ఒకేసారి మార్పించుకోండి.