వశీకరణం మరియు రక్ష

వశీకరణం అనగా ఒక వ్యక్తి మనసును అతని ఇష్టంతో పనిలేకుండా మరొకరి అధీనంలోకి తెచ్చునని నమ్మబడే మంత్రప్రయోగం. దానిని అడ్డుకొనునని నమ్మబడే మంత్రం, రేకు, రేఖ లేదా విభూతిని రక్ష అంటారు. ఈ రెండింటి సంబంధం తాంత్రిక గ్రంథాలలోను, తెలుగునాట గ్రామీణ ఆచారాలలోను, ఆధునిక కాలంలో పాత్రధారణ ఆటలలోను కనిపిస్తుంది.

షట్కర్మలు

తాంత్రిక సంప్రదాయం మంత్రప్రయోగాలను ఆరు విధాలుగా విభజించింది. అవి శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. వీటిలో వశ్యం మనసును లోబరచుకొనుటకు, విద్వేషణం ఇద్దరి మధ్య పగ పుట్టించుటకు, ఉచ్చాటనం మనిషిని నిలకడ లేకుండా చేసి వెళ్ళగొట్టుటకు ఉద్దేశించినవి. వాక్కును, బుద్ధిని, కదలికను నిలిపివేయుట స్తంభనం. అనగా ఆరింటిలో ఎక్కువ భాగం శరీరం కంటే మనసుపైనే గురిపెట్టినవి. దోషాలను తొలగించు శాంతి ఒక్కటే రక్షకు దగ్గరగా ఉంటుంది.

కవచం, దిగ్బంధనం

రక్షలలో ముఖ్యమైనది కవచం. ఇందులో ఒక్కొక్క అవయవాన్ని పేర్కొని, దానిని ఇష్టదైవం యొక్క ఒక్కొక్క రూపానికి అప్పగిస్తారు. భాగవతం ఆరవ స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రునికి ఉపదేశించిన నారాయణ కవచం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులో దేహంతో పాటు బుద్ధి, ఇంద్రియాలు, మనసు, ప్రాణాలకు కూడా రక్షణ కోరబడింది. దిక్కులన్నింటినీ మంత్రంతో మూసివేయుటను దిగ్బంధనం అంటారు.

కృష్ణా డెల్టాలో ఆచారాలు

చల్లపల్లి, మోపిదేవి, కూచిపూడి ప్రాంతాలతో సహా కోస్తా గ్రామాలలో రక్ష నిత్యజీవితంలో భాగం. బీజాక్షరాలు గీసిన రాగిరేకును చుట్టి, చిన్న గొట్టంలో పెట్టి, నల్లదారంతో మెడకో, జబ్బకో, మొలకో కట్టే తాయెత్తు అందరికీ తెలిసినదే. ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, పైరులో దిష్టిబొమ్మ కడతారు. పిల్లలకు ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పులో వేస్తారు. దర్గాలలో ఇచ్చే తాయెత్తులను హిందువులు కూడా కట్టుకొంటారు.

ఆటలలో

పాత్రధారణ ఆటలలో మొదట ప్రచురితమైనది గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (1974). ఇందులోని 'ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్' అనే మంత్రం మన రక్షను పోలి ఉంటుంది. 2003 నాటి 3.5 కూర్పు ప్రకారం ఈ రక్ష ఉన్నంతసేపు శత్రువు పాత్ర మనసును నిరంతరంగా నడిపించలేడు. అయితే వశీకరణం నశించదు, అణగి ఉంటుంది. రక్ష గడువు ముందుగా ముగిస్తే శత్రువు మరల ఆజ్ఞాపించగలడు. నిద్రపుచ్చు మంత్రం మనసుపై అధీనం ఇవ్వదు కనుక దానిని ఈ రక్ష ఆపదు. 2014 నాటి ఐదవ కూర్పులో దయ్యాలు, పిశాచాలు వంటి ఆరు జాతుల వలన కలిగే వశ్యం, భయం, ఆవేశాలను మాత్రమే ఇది ఆపుతుంది. అప్పటికే వశమైన పాత్రకు తిరిగి పాచిక వేసి తప్పించుకొనుటలో అనుకూలత లభిస్తుంది. ఎవరి నుండి, దేని నుండి, ఎంతసేపు అన్న మూడు ప్రశ్నలకు ఆటలో ముందుగానే సమాధానం ఉంటుంది.

నమ్మకం వలన హాని

లోకంలోని నమ్మకానికి ఇటువంటి నియమం లేదు. కీడు జరగకపోతే రక్ష పనిచేసిందంటారు, జరిగితే ప్రయోగం బలమైనదంటారు. అందువలన నమ్మకం ఎన్నడూ పరీక్షకు నిలవదు. తాయెత్తు కొంత ధైర్యం ఇచ్చినా, ఎవరో ప్రయోగం చేశారన్న భయాన్ని కూడా అదే ధ్రువపరుస్తుంది. మూర్ఛ, మనోవ్యాధులను చేతబడిగా భావించినపుడు వైద్యం ఆలస్యమవుతుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం, ప్రయోగం చేసినవారెవరన్న వెదుకులాట. మంత్రం పలకనీయకుండా చేయుటే రక్ష అన్న తలంపుతో, చేతబడి లేదా బాణామతి చేశారని అనుమానించిన వారి పళ్ళు ఊడగొట్టిన ఘటనలు, హత్యలు తెలుగునాట జరిగాయి.

ఈ నమ్మకాలపై కృష్ణా జిల్లాలోనే వ్యవస్థీకృత పోరాటం మొదలైంది. గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. అది 1947లో విజయవాడకు మారింది. 1980ల దశకంలో మెదక్ జిల్లాలో బాణామతి భయం వ్యాపించినపుడు ఈ కేంద్రం వారు వైద్యులతో కలిసి గ్రామాలను పరిశీలించారు.

1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం తాయెత్తు, మంత్రం, కవచాలను 'మాంత్రిక చికిత్స' నిర్వచనంలో చేర్చింది. రోగాలు నయం చేస్తాయని వాటికి ప్రచారం చేయుట నేరం. తాయెత్తు ధరించుటను ఈ చట్టం నిషేధించలేదు.